వెనక సీట్లో సర్వీస్ మేనేజరు

మా ఆయనకు మోటారు సైకిల్ నడపడం రాదు. ఈ సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు, ఒక్క షోరూం వాళ్ళకి తప్ప. చీరాలలో నేను బండి కొన్న షోరూంకే సర్వీసింగ్‌కి కూడా వెళతాం. నేను నడుపుతూ గేట్లోంచి లోపలికి తెస్తాను, ఆయన వెనక కూర్చుని వస్తారు. నేను స్టాండు వేసేలోపే సర్వీస్ మేనేజరు ఎదురొచ్చి ఆయన్ని అడుగుతాడు.

"చెప్పండి సార్, క్లచ్ ఎలా ఉంది?"

ఆయన క్లచ్ పట్టుకుని పాతికేళ్ళు దాటింది. పెళ్ళికి ముందెప్పుడో స్నేహితుడి బండి మీద నేర్చుకోబోయి తిన్నగా పొగాకు పందిట్లోకి దూసుకుపోయారట. ఆ రోజు దిగిన మనిషి మళ్ళీ హ్యాండిల్ ముట్టుకోలేదు. కానీ పెద్దమనిషి. అడిగినవాణ్ణి చిన్నబుచ్చడం ఇష్టం లేక కాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టి, "పర్వాలేదండి, బానే ఉంది" అంటారు. నేను పక్కనుంచి "టైటుగా ఉందండి, కాస్త వదులు చెయ్యాలి" అంటాను. మేనేజరు ఆయన వైపే చూస్తూ "టైటుగా ఉందా సార్?" అంటాడు. ఇలా చాలా ఏళ్ళు నడిచింది. నాకు ప్రతిసారీ ఒళ్ళు మండేది, మా ఆయనకు ప్రతిసారీ నవ్వొచ్చేది.

నేను పర్చూరు అవతల ఒక చిన్న ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచర్ని. ఇంటి నుంచి బడికి దారంతా నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే ఆటోవాడు రానంటాడు, ఎండ కాస్తే దుమ్ములో దారి కనపడదు. నలభై దాటాక బండి నేర్చుకున్నాను. స్కూటరు కొనుక్కోవమ్మా, ఆడవాళ్ళకి అదే సుఖం అని అందరూ చెప్పారు. చిన్న చక్రాలు రేగట్లో దిగబడిపోతాయండీ అని నేను సమాధానం చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు. కానీ అసలు సంగతి వేరు, నాకు గేర్లు మార్చడం ఇష్టం. రెండో గేరు నుంచి మూడో గేరులో పడ్డప్పుడు బండి ఒక్కసారి ఊపిరి పీల్చుకుని సాగుతుంది చూడండి, ఆ క్షణం నాకు రోజూ కావాలి. పొద్దున్నే చున్నీకి రెండు పక్కలా పిన్నీసులు పెట్టుకుని, హెల్మెట్టు తగిలించుకుని, ఆ బండెక్కితే నేను ఎవరి కోడల్నీ కాను, ఎవరి అమ్మనీ కాను. ఆ కాసేపూ నాది.

ఇంత ఇష్టమైన బండిని నా చేతుల్లోంచి లాగేసుకునే రోజు ఒకటి దగ్గరికొచ్చింది. ఆ కథే ఇది.

ఆ షోరూంలో ఒక పద్ధతి ఉంది. కొత్త బండికే కాదు, సర్వీసింగ్ అయిన ప్రతి బండికీ గేటు దాటేముందు బొట్టు పెడతారు. షోరూం యజమాని సెంటిమెంటట. గేటు దగ్గర వాచ్‌మన్ ఒక గిన్నెలో పసుపూ కుంకుమా తడిపి పెట్టుకుని ఉంటాడు. హెడ్‌లైటు మీద ఒకటి, పెట్రోలు ట్యాంకు మూత మీద ఒకటి, బొటనవేలితో గట్టిగా అద్ది పంపిస్తాడు. మేము క్రైస్తవులం. అయినా నేను ఎన్నడూ వద్దనలేదు. మంచి కోరి పెట్టిన బొట్టును తుడుచుకుంటామా?

మా వైపు పద్ధతీ ఒకటుంది. కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక సంఘంలోవాళ్ళ బళ్ళన్నీ చర్చి ముందు వరసగా నిలబెడతాం. పాస్టరుగారు ఒక్కో బండి దగ్గరా ఆగి, దారిలో కాపాడు ప్రభువా అని ప్రార్థన చేసి, చిన్న సీసాలో ఒలీవ నూనె వేలికి తీసుకుని బండికి రాస్తారు. ఆయన రాసేదీ ట్యాంకు మూత మీదే. మనిషికి నుదురెలాగో బండికి ఆ మూత అలాగని ఆయన ఉద్దేశం కాబోలు.

ఆ సంవత్సరం నా బండి సర్వీసింగ్ నుంచి వచ్చిన మర్నాడే ప్రార్థన జరిగింది. ఆ తర్వాత మిరప కోతలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో మా దారి ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. రోడ్డుకి రెండు పక్కలా కళ్ళాల్లో ఎర్రగా కాయలు, గాలి వీస్తే ఆ ఘాటు, ట్రాక్టర్ల వెంట మిరప పొడి కలిసిన దుమ్ము. బడికి చేరేసరికి బండి మీద ఒక పొర పట్టేసేది.

ఒకరోజు పొద్దున బడికి వెళుతుంటే బండి రెండుసార్లు ఎగిరెగిరి పడి, ఆగిపోయింది. సెల్ఫ్ కొట్టాను, కిక్కు కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. పెట్రోలు అయిపోయిందేమోనని మూత తీసి చూశాను. "సుయ్‌ఁ"మని ఒక చిన్న శబ్దం వచ్చింది. లోపల పెట్రోలు బోలెడుంది. మూత వేసి ఊరికే ఒక కిక్కు కొడితే బండి స్టార్టయింది. కొంత దూరం పోయాక మళ్ళీ అదే తంతు. మళ్ళీ మూత తీసి చూశాను, మళ్ళీ స్టార్టయింది.

షోరూంకి తీసుకెళ్ళాను. అక్కడ వాళ్ళు ఏ బండినైనా ముందు ఉతికి తర్వాత చూస్తారు. ఏమైందమ్మా అని అడగకముందే గొట్టంతో నీళ్ళు కొట్టేస్తారు. అలా కడిగి, ఆయిలు మార్చి, మేనేజరు తానే ఎక్కి రోడ్డు మీద టీ కొట్టు దాకా వెళ్ళి తిరిగొచ్చి, "బానే ఉంది కదా సార్" అన్నాడు. సార్ ఆ రోజు రానే లేదు. నేనొక్కదాన్నే నిలబడి ఉన్నాను. అలవాటైన నాలుక అది, దాని తప్పు కాదు.

"నేను పెట్రోలు చూసినప్పుడల్లా మళ్ళీ స్టార్టవుతోందండీ" అని చెప్పాను.

అతను నవ్వాడు. "అయితే చూస్తూనే నడపండి మేడం." పక్కనున్న మెకానిక్కులు కూడా నవ్వారు.

వాచ్‌మన్ బొట్టు పెట్టాడు. బండి ఆ వారం చక్కగా నడిచింది. ఆదివారం చర్చిలో, నా బండి పేచీ పెడుతోందని విని పాస్టరుగారు పాపం ప్రత్యేకంగా బయటికొచ్చి ప్రార్థన చేసి నూనె రాశారు. నాలుగు రోజులు తిరక్కుండానే మళ్ళీ ఆగింది. మళ్ళీ షోరూం, మళ్ళీ నీళ్ళు, ఆయిలు, టీ కొట్టు. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అంటారే, అలాగ. మళ్ళీ బొట్టు, మళ్ళీ ఆదివారం, మళ్ళీ నూనె, మళ్ళీ దారి మధ్యలో నేను.

ఇంకోసారి వెళ్ళినప్పుడు మా ఆయన కూడా వచ్చారు. మేనేజరు ఆయన్ని పక్కకి పిలిచి మాట్లాడాడు. పక్కకంటే ఎంతో దూరం కాదు, నాకు అన్నీ వినపడుతూనే ఉన్నాయి.

"సార్, బండిలో ఏ లోపమూ లేదు. నేను స్వయంగా నడిపి చూశా గదా. లోపం నడిపే చేతిలో ఉంది. మేడం గారు ఏం చేస్తున్నారో ఏమో, చోక్ లాగి వదిలేస్తున్నారేమో. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది సార్, ఏమనుకోబాకండి. ఈ బండి ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి మేడంకి మంచి స్కూటరు తీసుకోండి. గేర్ల గొడవుండదు."

నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. నోరు విప్పబోయాను. కానీ మా ఆయన మొహం చూసి ఆగిపోయాను. ఆ మొహంలో వెక్కిరింత లేదు, భయం ఉంది. దారిలో అన్నారు, "చూడు, నువ్వు రోజూ ఒక్కదానివే పోతున్నావు. కళ్ళాల మధ్యలో ఎక్కడో బండాగిపోతే నేను రావాలన్నా రాలేను, నాకు నడపడం రాదు. శనివారం వచ్చి మార్చేద్దాం. లేత ఆకుపచ్చ రంగుది ఉంది చూశావా, బావుంది."

కోపంగా అని ఉంటే పోట్లాడేదాన్ని. ప్రేమగా అన్నారు. సరేనన్నాను. ఇంటికొచ్చి పెరట్లో బండి తుడుస్తూ ఏడ్చాను. బండి కోసం ఏడుస్తారా అంటే, నేను ఏడ్చాను.

ఆ వారం మధ్యలో బడికి సెలవొచ్చింది. పండుమిరప పచ్చడి పెట్టుకుందామని మా తోడికోడలు పొద్దున్నే వచ్చేసింది. నా కన్నా చిన్నది, నన్ను అక్కా అంటుంది, నోరు మాత్రం అత్తగారి కన్నా పెద్దది. కాయలు తొక్కడం అయింది, చింతపండు కలపడం అయింది. తాలింపుకి కొత్త నూనె డబ్బా తీశాం. నేను మేకూ సుత్తీ తీసుకుని డబ్బా మూలన ఒక చిల్లు పొడిచి, వంచాను. నూనె గుడగుడమని రెండు గుక్కలు పోసి ఆగిపోయింది. ఇంకా వంచాను. బొట్టు రాలలేదు. డబ్బా నిండా నూనె, బయటికి మాత్రం రాదు.

"నీ మనసెక్కడుందక్కా?" అంది తోడికోడలు. "రెండో చిల్లు పొడవకుండా నూనె ఎట్టా వస్తది? దానికి మాత్రం ఊపిరాడొద్దూ?"

నా చేతిలోంచి మేకు లాక్కుని రెండో మూల టక్కున పొడిచింది. "సుయ్‌ఁ"మని గాలి లోపలికి పోయింది. నూనె ధారగా పడింది.

ఆ శబ్దం నాకు తెలుసు. పొలాల మధ్యలో నిలబడి ఎన్నిసార్లు విన్నానో ఆ శబ్దం. డబ్బా అలాగే దాని చేతిలో వదిలేసి పెరట్లోకి పరిగెత్తాను. "అక్కా, తాలింపు మాడిపోద్ది!" అని అది వెనక అరుస్తూనే ఉంది.

బండి ట్యాంకూ నూనె డబ్బా లాంటిదే. పెట్రోలు కిందికి దిగుతూ ఉండాలంటే పైనుంచి గాలి లోపలికి పోతూ ఉండాలి. అందుకోసం మూతలో ఎక్కడో చిన్న రంధ్రం ఉండితీరాలి. అది మూసుకుపోతే కొంత దూరం నడిచి, ఇక పెట్రోలు దిగక ఆగిపోతుంది. నేను మూత తియ్యగానే గాలి లోపలికి పోతుంది, బండి బతుకుతుంది. గాలికి ఎంత బలముందో ఏటా పిల్లలకి గాజు గ్లాసూ అట్టముక్కా పెట్టి చూపిస్తాను. చూపించిన టీచరమ్మకి మాత్రం ఇది తట్టలేదు, పచ్చడి పెట్టేదాకా.

వంగి మూత మీద చూశాను. తాళంచెవి పెట్టే చోటు పక్కన ఒక నొక్కు, ఆ నొక్కులో ఎర్రగా, జిగటగా ఏదో ముద్ద. వేలితో తీసి వాసన చూశాను. పసుపు వాసన, నూనె వాసన, మిరపకాయ ఘాటు, మూడూ ఒకేసారి ముక్కుకెక్కి తుమ్ములందుకున్నాను. తుమ్ముతూనే నవ్వాను. షోరూం బొట్టు ఎండితే పొడిపొడిగా రాలిపోయేదే. పాస్టరుగారి నూనె ఉత్తదయితే ఇంకిపోయేదే. బొట్టు మీద నూనె పడి, నూనె మీద కళ్ళాల దుమ్ము పడి, మెత్తని ముద్దయి రంధ్రాన్ని పూడ్చేశాయి. షోరూంలో నీళ్ళు కొట్టినప్పుడల్లా ముద్ద కాస్త కరిగి దారి ఇచ్చేది, మళ్ళీ బొట్టూ నూనే పడగానే పూడుకుపోయేది. మా సంఘంలోవాళ్ళ బళ్ళు రోడ్డుపక్క మెకానిక్కుల దగ్గరే బాగవుతాయి, వాటికి బొట్టు లేదు. షోరూంకి వచ్చే బళ్ళకి ఒలీవ నూనె లేదు. రెండు దీవెనలూ అందుకున్న బండి నాదొక్కటే. అందుకే దానికొక్కదానికే ఊపిరాడటం లేదు.

చున్నీ నుంచి పిన్నీసు తీశాను. ఒక్క పోటు పొడిస్తే అయిపోయేది. పొడవబోయి ఆగాను. పొడిచేసి, బండి నడిపించేసి, శనివారం వెళ్ళనని మొండికేస్తే బండి నా దగ్గరే ఉంటుంది, నిజమే. కానీ మేనేజరు ఏమంటాడు? మేము కడిగాం కాబట్టి బాగయిందంటాడు. మేడం ఇప్పటికి నడపడం నేర్చుకున్నారంటాడు. ఈసారి ఇంకే కారణానికి ఆగినా లోపం నా చేతిలోనే ఉంటుంది. లేత ఆకుపచ్చ స్కూటరు అక్కడ ఎదురుచూస్తూనే ఉంటుంది. కాదు, ఇది అతని కళ్ళ ముందు తేలాలి. పిన్నీసు మళ్ళీ చున్నీకి పెట్టేసుకున్నాను. తాలింపు సంగతి అడక్కండి.

శనివారం బయల్దేరేముందు పెట్రోలు బంకులో ట్యాంకు నిండా కొట్టించాను. నిండు డబ్బాలో గాలికి చోటు తక్కువ, అది తొందరగా ఆగుతుంది. ఇది నా లెక్క.

"మార్చేసే బండికి ఫుల్ ట్యాంకెందుకే?" అన్నారు మా ఆయన.

"సాగనంపేటప్పుడు కడుపునిండా పెట్టి పంపాలండీ" అన్నాను. ఆయనకు జాలేసినట్టుంది, ఇంకేం అడగలేదు. దారిలో బండి ఎగిరిపడకముందే ఆపి మూత తీసి చూడటం, మళ్ళీ పోవడం. "ఇప్పుడేగా నింపావు, మళ్ళీ ఏం చూస్తావు?" అని ఆయన, "ఉందో లేదోనని" అని నేను. అలా చీరాల చేరాం.

గేట్లోకి వెళ్ళగానే నీళ్ళ గొట్టం పట్టుకుని ఒకతను ఎదురొచ్చాడు. నేను బండికి అడ్డంగా నిలబడ్డాను.

"ఒక్క చుక్క నీరు పడితే ఊరుకోను. ముందు మీ మేనేజర్ని పిలవండి."

మా బడిలో ఐదో తరగతి చివరి బెంచీ దాకా వినపడే గొంతు నాది. షోరూం అంతా తిరిగి చూసింది. మేనేజరు నవ్వుతూ వచ్చి, "రండి సార్, పేపర్లు రెడీ" అన్నాడు.

"సార్ కూర్చుంటారు. మీరు నాతో రండి" అన్నాను. "నా వెనక ఎక్కి పర్చూరు రోడ్డు మీద కొంత దూరం రండి. టీ కొట్టు దాకా కాదు. బండి ఆగకుండా వెళ్ళొస్తే మీరు చెప్పిందే నిజం, ఆ స్కూటరు తాళం నేనే అడిగి తీసుకుంటా."

"మెకానిక్‌ని పంపిస్తా మేడం..."

"మద్దెల ఓడన్నది మెకానిక్ కాదండీ, మీరు. మద్దెల ఓడో, ఆడేదాని కాలు ఓడో మీరే చూడాలి."

ఎవరో వెనక కిసుక్కున నవ్వారు. మేనేజరు మొహం ఎర్రబడింది. మా ఆయన వైపు చూశాడు. ఆయన గడ్డం గోక్కుంటూ, "వెళ్ళిరండి, బానే నడుపుద్ది" అన్నారు. ఆ మాటకి ఆయన మీద నాకు ప్రేమ పొంగిపోయింది.

ఇస్త్రీ చొక్కా, మెడలో బ్యాడ్జీ, అతను నా వెనక ఎక్కి కూర్చున్నాడు. బయల్దేరాం. పట్నం దాటాం, మూడో గేరు, నాలుగో గేరు, బండి పువ్వులా పోతోంది. ఇప్పుడు కదా నాకు భయం పట్టుకుంది. బండి ఆగితేనే నా గెలుపు. ఆగకపోతే నా నోటితో నేనే ఆ స్కూటరు అడిగి తీసుకోవాలి. ఇన్నాళ్ళూ ప్రభువా ఆగనివ్వకు అని ప్రార్థన చేసినదాన్ని, ఆ రోజు ప్రభువా ఒక్కసారి ఆపు అని వేడుకున్నాను. పైవాడికి కూడా అయోమయంగా ఉండి ఉంటుంది.

"చక్కగా నడుస్తోంది గదా మేడం" అని వెనకనుంచి వినపడింది. ఆ తర్వాత అతని ఫోను మోగింది. "ఆఁ, వచ్చేస్తున్నా, ఇక్కడేం లేదు, ఊరికే" అంటున్నాడు. ముందు ఒక పత్తి ట్రాక్టరు పోతోంది, దాన్ని దాటాను. మిరప కళ్ళాలు మొదలయ్యాయి. నా లెక్క తప్పిందా? వచ్చేటప్పుడు మూత తీసీ తీసీ ముద్ద ఊడిపోయిందా? ఇక వెనక్కి తిప్పమంటాడేమో అనుకుంటుండగా, నా కాళ్ళ కింద బండి ఒక్కసారి తటపటాయించింది. ఇంకోసారి ఎగిరింది. ఆగిపోయింది.

అంత ఆనందంగా ఎవరూ బండిని రోడ్డు పక్కకి తోసి ఉండరు.

"చూడండి" అన్నాను. దిగి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అతను సెల్ఫ్ కొట్టాడు. కిక్కు కొట్టాడు. చోక్ లాగాడు, వదిలాడు. ప్లగ్గు వైరు కదిపాడు. పక్క కళ్ళంలో మిరపకాయలు గ్రేడింగు చేస్తున్న ఆడవాళ్ళు చూస్తున్నారు. గాలి అటునుంచి ఇటు వీచింది. అతను తుమ్మడం మొదలుపెట్టాడు. కిక్కుకొక తుమ్ము.

"ఎవరు టీచరమ్మా ఆయన?" అని కళ్ళంలోంచి ఒకావిడ అరిచింది. కూలికి ఇంత దూరం వచ్చింది, వాళ్ళమ్మాయి మా బడిలోనే చదువుతుంది.

"బండి డాక్టరుగారు" అన్నాను.

"డాక్టరుగారికే బాలేనట్టుందే!" అందావిడ. కళ్ళమంతా నవ్వులు.

చివరికి అతను చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుని, "లారీ పిలిపిస్తా మేడం" అన్నాడు.

"అక్కర్లేదు. చెవి పెట్టి వినండి" అన్నాను. తాళం పెట్టి మూత తీశాను. "సుయ్‌ఁ". మూత వేసి ఒక్క కిక్కు కొట్టాను. బండి గురక పెట్టినట్టు నిమ్మళంగా అందుకుంది.

అతని మొహం చూడాలి. అయినా ఊరికే ఒప్పుకునే రకం కాదు. "అనుకోకుండా కలిసొచ్చి ఉంటుంది మేడం" అన్నాడు. సరే ఎక్కండన్నాను. ఇంకొంత దూరం పోయాక మళ్ళీ ఆగింది. ఈసారి నేను కదల్లేదు, తాళంచెవి అతని చేతిలో పెట్టాను. తనే మూత తీశాడు. తన చెవులతోనే విన్నాడు. కాసేపు ఆ మూతను చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, వేలితో ఆ ముద్దను తాకాడు.

"గాలి రంధ్రం మూసుకుపోయింది" అన్నాడు నెమ్మదిగా.

చున్నీ నుంచి పిన్నీసు తీసి ఇచ్చాను. అతను రోడ్డు మీద గొంతుక్కూర్చుని పొడిచి పొడిచి ఆ ముద్ద బయటికి లాగాడు. పిన్నీసు మొన మీద ఎర్రగా, పసుప్పచ్చగా నిలబడింది.

"ఇది మా బొట్టు గదండీ" అన్నాడు. "అందరికీ పెడతాం. ఎవరి బండీ ఆగలేదు గదా మరి?"

"సగం మీ బొట్టు, సగం మా పాస్టరుగారి నూనె" అని మొత్తం చెప్పాను. అతను విన్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి నా వైపు చూస్తూ విన్నాడు. విని విని, ఉన్నట్టుండి పెద్దగా నవ్వేశాడు. నేనూ నవ్వాను. నవ్వితే మనిషి బావున్నాడు కూడా, ఎందుకు దాచుకున్నాడో.

అక్కణ్ణుంచి పర్చూరు దాకా వెళ్ళి తిరిగొచ్చాం. ఎక్కడా ఆగలేదు. తిరుగుదారిలో నేనేం దయ చూపించలేదు. ఇన్నాళ్ళ కోపమంతా యాక్సిలరేటర్ మీద పెట్టాను. వెనకనుంచి "మేడం, కొంచెం మెల్లిగా" అని వినపడింది. అలవాటు కొద్దీ మళ్ళీ "సార్" అంటాడేమోనని చూశాను. మేడమే.

షోరూం గేట్లోంచి అలా లోపలికి వచ్చాం. నేను ముందు, వెనక కడ్డీ పట్టుకుని, చొక్కా నిండా మిరప దుమ్ముతో, ఎర్రబడ్డ కళ్ళతో సర్వీస్ మేనేజరు. గొట్టం పట్టుకున్నతను గొట్టం వదిలేశాడు. మెకానిక్కులు స్పానర్లు పట్టుకుని నిలబడిపోయారు. మా ఆయన లేత ఆకుపచ్చ స్కూటరు పక్కన కుర్చీలో టీ తాగుతూ కనపడ్డారు. మేనేజరు దిగి, జుట్టు సర్దుకుని, తిన్నగా ఆయన దగ్గరికి నడిచాడు.

"సార్, లోపం బండిలోదే సార్. మేడం చేతిలో ఏం లేదు."

"ఆ మాట ఆయనతో కాదండీ" అన్నాను వెనకనుంచి. "నాతో చెప్పండి."

అతను వెనక్కి తిరిగాడు. నాకెదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మద్దెలే ఓడు మేడం. మీరు బాగా నడుపుతారు. తప్పుగా అన్నాను."

ఆ మాట వినడానికి కిందా మీదా పడ్డదాన్ని, విన్నాక "పర్వాలేదండి" అన్నాను, మా ఆయన లాగే. మా ఆయన లేచి టీ గ్లాసు పక్కన పెట్టి, స్కూటరు సీటు మీద చెయ్యి వేసి, "రంగు మాత్రం బావుంది" అన్నారు. వచ్చి నా వెనక ఎక్కారు.

గేటు దగ్గర వాచ్‌మన్ గిన్నె పట్టుకుని వచ్చాడు. మేనేజరు అంత దూరం నుంచి "ఒరేయ్, మూత మీద కాదురా! హెడ్‌లైటుకి పెట్టు, హెడ్‌లైటుకి!" అని కేకేశాడు. అప్పట్నుంచీ ఆ షోరూంలో ఏ బండికీ మూత మీద బొట్టు లేదు.

మర్నాడు ఆదివారం. పాస్టరుగారు సీసా పట్టుకుని చర్చి మెట్లు దిగి వస్తుంటే ఎదురెళ్ళి అంతా చెప్పాను. తన నూనె వల్ల బండాగిందంటే నొచ్చుకుంటారేమోనని భయపడ్డాను. ఆయన పగలబడి నవ్వారు. నవ్వి, చేతిలో సీసా చూసుకుని, "మరి ఎక్కడ రాయమంటావమ్మా?" అన్నారు.

"నడిపేది నేను గదండీ" అన్నాను. "నాకు రాయండి."

హెల్మెట్టు తీసి తల వంచాను. నుదుట చల్లగా నూనె తగిలింది.

మొన్న మళ్ళీ సర్వీసింగ్‌కి వెళ్ళాం. నేను ముందు, మా ఆయన వెనక. స్టాండు వెయ్యకముందే మేనేజరు ఎదురొచ్చి నా ముందు ఆగాడు.

"చెప్పండి మేడం, క్లచ్ ఎలా ఉంది?"

నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి మా ఆయన కాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టి, "పర్వాలేదండి, బానే ఉంది" అన్నారు. మేనేజరు అటు తిరగలేదు. నేను చెప్పేదాకా అక్కడే నిలబడ్డాడు. టైటుగా ఉంది, వదులు చెయ్యాలన్నాను. వంగి తానే చేశాడు.